పొగాకు కషాయం.. గుణం తేటలోనే, మడ్డిలో కాదు

శీతకాలంలో రెండు రోజులు మబ్బు పట్టిందంటే ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాలలో చిక్కుడు పందిళ్లకు, అలసంద చేలకు పేనుబంక పట్టుకుంటుంది. లేత కొమ్మల చివర, పూతగుత్తుల మొదళ్లలో నల్లగా గుంపులు కట్టి రసం పీల్చే ఈ పురుగును వదిలించుకునేందుకు ఇక్కడి రైతులు తరతరాలుగా ఆశ్రయించే మందు వారి ఇళ్లలోనే ఉంది. అదే పొగాకు కషాయం. బ్యారన్ వద్ద రాలిన తుక్కును, వేలానికి పనికిరాని ఆకును నీళ్లలో మరిగించి, సబ్బు కలిపి పిచికారీ చేయడం ఈ ప్రాంతంలో ఎవరూ ఎవరికీ నేర్పని విద్య. అయితే కషాయం కాచడం వచ్చినంతగా దానిని వడకట్టడం చాలామందికి రాదు. ఈ ఒక్క లోపమే పంపులను పాడుచేస్తోంది, మనుషుల ప్రాణాల మీదికి కూడా తెస్తోంది.

2023 డిసెంబరులో కొండపి సమీపంలోని ఒక చిక్కుడు తోటలో ఈ విలేకరి కళ్లారా చూసిన సంగతి ఇది. అరవై ఏళ్లు పైబడిన రైతు వీపున పంపు తగిలించుకొని కషాయం కొడుతున్నారు. రెండు సాళ్లు పూర్తికాక ముందే నాజిల్ మూసుకుపోయింది. ఆయన దానిని మర విప్పి, పంచె కొంగుతో ఒకసారి తుడిచి, నోటికి ఆనించుకొని గట్టిగా ఊదారు. మరో సాలు నడిచాక మళ్లీ అదే పని. ‘‘ఏం బాబాయ్, నోటితో ఊదుతున్నావే?’’ అని అడిగితే, ‘‘ఎప్పుడూ ఇంతేగా అబ్బాయా! ఇది ఆకుమందేగాని పురుగుమందా ఏందీ?’’ అని నవ్వారు. గంట గడిచేసరికి పందిరి గుంజకు ఆనుకొని కూలబడ్డారు. నోట చొంగ, ఒళ్లంతా చెమట, ఆగని వాంతులు. 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చగా మరునాటికి కోలుకొని ఇంటికి వచ్చారు. ఆయన రోజూ చుట్ట కాల్చే మనిషే. పొగాకు తనను ఏమీ చేయదన్నది ఆయన నమ్మకం.

ఆకులో ఉన్నదేమిటి?

పొగాకు ఘాటుకు కారణం నికోటిన్ అనే క్షారపదార్థం. 1828లో జర్మనీకి చెందిన పోసెల్ట్, రైమాన్ అనే శాస్త్రవేత్తలు దీనిని ఆకు నుంచి తొలిసారి వేరుచేశారు. ఇది ఆకులో పుట్టదు. మొక్క వేళ్లలో తయారై కాండం ద్వారా ఆకుకు చేరుతుంది. తనను తినవచ్చే పురుగులను చంపుకునేందుకు ప్రకృతి ఆ మొక్కకిచ్చిన ఆయుధమది. పురుగు నాడీమండలంలో ఒక కణం నుంచి మరో కణానికి కబురు అందించే ద్వారాలను నికోటిన్ పట్టుకొని వదలదు. ఫలితంగా పురుగు వణికి, కాళ్లు చచ్చుబడి రాలిపోతుంది. రైతులందరికీ పరిచయమైన ఇమిడాక్లోప్రిడ్ పనిచేసేది కూడా ఈ ద్వారాల మీదనే. ఆ తరగతి మందులకు నియోనికోటినాయిడ్లు, అంటే ‘కొత్త నికోటిన్లు’ అని పేరు రావడానికి కారణమిదే. చిక్కల్లా ఏమిటంటే అటువంటి ద్వారాలు మనిషి నరాలలోనూ ఉన్నాయి. కొత్త మందులను పురుగు నరాలకే ఎక్కువగా అంటుకునేలా తయారుచేశారు. ఆకులోని అసలు నికోటిన్‌కు మాత్రం అటువంటి విచక్షణ లేదు.

మెత్తటి శరీరం గల రసం పీల్చే పురుగుల మీద ఈ కషాయం చక్కగా పనిచేస్తుంది. పేనుబంక, పచ్చదోమ, తామర పురుగు, తొలిదశలోని పిండినల్లి ఇందుకు లొంగుతాయి. కాయలోకి, కాండంలోకి దూరిన పురుగును ఇది చేరలేదు. ఎదిగిన లద్దెపురుగు మీద కూడా పెద్దగా ఆశలు పెట్టుకోకూడదు. ద్రావణం పురుగు ఒంటికి తగలాలి, లేదా దాని ఆవిరి పురుగుకు సోకాలి. అందువల్ల ఆకు అడుగుభాగం తడిసేలా సన్నని తుంపర పడటం ముఖ్యం. సన్నని తుంపర రావాలంటే నాజిల్ శుభ్రంగా ఉండాలి. కథంతా తిరిగి అక్కడికే వస్తుంది.

చిక్కగా ఉంటేనే ఘాటా?

పల్లెల్లో బలంగా నాటుకుపోయిన అపోహ ఒకటుంది. కషాయం ఎంత నల్లగా, ఎంత చిక్కగా ఉంటే అంత బలమని అనుకుంటారు. అందుకే ఆకును దంచి పొడిచేసి మరిగిస్తారు, మూటను గట్టిగా పిండుతారు, అడుగున మిగిలిన మడ్డిని కూడా వృథా చేయకూడదని పంపులో పోస్తారు. నిజానికి నికోటిన్ నీటిలో తేలికగా కరిగే పదార్థం. ఆకులో ఉన్నంతవరకు అది ఆమ్లాలతో కలిసి లవణ రూపంలో ఉంటుంది. వేడినీరు తగిలితే చాలు, దిగివస్తుంది. అంటే పనిచేసే గుణమంతా పైన తేలిన తేటలోనే ఉంటుంది. అడుగున పేరుకునే మడ్డిలో ఉండేది ఆకు పీచు, ఈనెల నలక, మట్టి, జిగురు మాత్రమే. నలుపు రంగు ఘాటుకు కొలమానం కానే కాదు.

మడ్డి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దానిని ఆపడం సులభం. మొదటిది మట్టి. మొక్క అడుగున ఉండే ఆకులు నేలకు దగ్గరగా పెరుగుతాయి గనుక వాన చినుకులకు ఎగిసిన మట్టి, ఇసుక వాటికి అంటుకొని ఉంటాయి. గ్రేడింగ్ షెడ్డులో ఊడ్చిపోసిన తుక్కులో ఇది మరీ ఎక్కువ. రెండోది జిగురు. ఆకు రెలిపే కూలీల చేతులకు నల్లగా పట్టుకొని ఎంత కడిగినా వదలని పదార్థమే ఇది. ఆకు మీది సన్నని నూగు నుంచి స్రవించే ఈ బంక మరిగే నీటిలో విడివడి, చల్లారాక నలకలను కూడగట్టుకొని ముద్ద కడుతుంది. మూడోది ఆకులోని మాంసకృత్తులు. వేడికి విరిగి, చల్లారేకొద్దీ తెట్టుగా అడుగుకు దిగుతాయి. వేడివేడి కషాయాన్ని వడకట్టి పంపులో పోసినవారికి గంట తరువాత నాజిల్ మూసుకుపోయేది ఈ కారణం చేతనే. వడకట్టిన క్షణంలో తేటగా కనిపించినది, చల్లారాక పంపులోనే తెట్టు కడుతుంది.

ఈ తెట్టు బాధ మన రైతులకే పరిమితం కాదు. బ్రిటన్, అమెరికా వంటి దేశాలలో ఎలక్ట్రానిక్ సిగరెట్లలో పోసుకునే పొగాకు ద్రవాన్ని ఇంట్లోనే తయారుచేసుకునే అభిరుచి కొందరికి ఉంది. వారు నీటికి బదులు గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవాలలో ఆకును వారాల తరబడి నానబెడతారు. ఆ పరికరంలో ద్రవాన్ని ఆవిరిగా మార్చేది కాయిల్ అనే సన్నని తీగచుట్ట. ఆకులోని చక్కెరలు, జిగురు, నలక ఆ వేడి తీగ మీద మాడి నల్లటి పెచ్చుగా పేరుకుంటాయి. బ్యారన్‌లో పండబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. నీడన ఆరిన బర్లీలో అతి తక్కువ. అందుచేత అక్కడివారు రోజుల తరబడి ద్రవాన్ని కదలకుండా నిలిపి, అడుగు కదలకుండా పైతేటను వంచుకొని, ఒకదానికంటే ఒకటి సన్నని వడపోత కాగితాలలో మళ్లీ మళ్లీ వడకడతారు. వడపోత కరిగిన చక్కెరను ఆపలేదు కనుక ఎంత శ్రమించినా కాయిల్‌కు కొంత పెచ్చు తప్పదు. మన దేశంలో 2019 సెప్టెంబరు 18 నుంచి ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం నిషిద్ధం. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చట్టం చెబుతోంది. నిల్వ ఉంచితే 6 నెలల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా. ఆ ముచ్చట మనకు అక్కరలేదు. వారి వడపోత ఓర్పు మాత్రం మన కషాయానికి అక్షరాలా పనికివస్తుంది.

కాచే పద్ధతి

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చాలాకాలంగా చెబుతున్న కొలత ఇది. అర కిలో పొగాకు తుక్కును నాలుగున్నర లీటర్ల నీటిలో అరగంట మరిగించాలి. లేదా ఒక రోజంతా నానబెట్టాలి. 120 గ్రాముల బట్టల సబ్బును విడిగా వేరే నీటిలో కరిగించుకోవాలి. రెంటినీ కలిపి, ఆరేడు రెట్లు నీరు చేర్చి పిచికారీ చేయాలి. ఈ లెక్కన 15 లీటర్ల పంపుకు సుమారు రెండు పంపులు వస్తాయి. ఇది కాక ప్రకృతి వ్యవసాయంలో అగ్నిఅస్త్రం ఉన్నది. గోమూత్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు ముద్దలను ఉడికించి, 48 గంటలు ఉంచి వడకట్టే ఈ ద్రావణంలోనూ పొగాకే కీలకం. మిర్చి గింజలు, వేపాకు పీచు తోడవడంతో అందులో మడ్డి మరింత ఎక్కువ. కనుక దిగువన చెప్పబోయే జాగ్రత్తలు దానికీ వర్తిస్తాయి.

ముందుగా ఆకును దులపాలి. మట్టి, ఇసుక రాలేదాకా జల్లెడలో వేసి కుదపాలి. దుమ్ము లేచే పని గనుక ముక్కుకు తువ్వాలు కట్టుకొని, గాలివాలుకు ఎదురుగా నిలబడకుండా చేయాలి. ఆకును చేతితో ముక్కలుగా తుంచాలే తప్ప దంచి పొడి చేయరాదు. ఆకు టీకి, పొడి టీకి ఉన్న తేడాను ఇంట్లో ఆడవారు తేలికగా గ్రహిస్తారు. పొడి వేస్తే రంగు త్వరగా దిగుతుంది, కాని గ్లాసు అడుగున నలక తప్పదు. అరగంట మరిగే కషాయానికి ఆ తొందర అవసరమే లేదు. తుంచిన ఆకును పల్చని పాత నూలు గుడ్డలో వదులుగా మూటకట్టి నీటిలో వేలాడదీస్తే సగం మడ్డి మూటలోనే నిలిచిపోతుంది.

పాత్ర విషయంలో ఒక మాట. ఈ పాత్రను, గరిటెను మళ్లీ వంటకు వాడకూడదు. పొయ్యి ఇంటి వెలుపల ఉండాలి. పాత్ర మీద మూత పెట్టాలి. నీటి ఆవిరితో పాటు నికోటిన్ కూడా కొంత లేచిపోతుంది కనుక మూత లేకపోతే కషాయం బలం తగ్గడమే కాక, కాచేవారికి తల తిరుగుతుంది. మూత తీసి వంగి వాసన చూసే అలవాటు మానుకోవాలి.

మరిగాక మూటను పైకెత్తి, దానంతట అదే కారిపోనివ్వాలి. పిండకూడదు. మూటను మెలితిప్పి పిండితే వచ్చే చివరి గ్లాసెడు నీటితో గుడ్డ ఆపిన నలకంతా బయటికి వస్తుంది. పైగా చేతులకు అంటేది అత్యంత గాఢమైన రసం. తరువాత పాత్రను కదపకుండా రాత్రంతా ఉంచాలి. ఇదే అసలు మెలకువ. చల్లారేకొద్దీ విరిగే తెట్టు అడుగుకు దిగుతుంది. తెల్లవారేసరికి పైన టీ డికాక్షన్ రంగులో తేట, అడుగున రెండు మూడు వేళ్ల మందాన మడ్డి స్పష్టంగా విడిపోయి కనిపిస్తాయి. పాత్రను మెల్లగా వంచి తేటను మాత్రమే వార్చుకోవాలి. గంజి వార్చడం తెలిసిన చేతికి ఇది కష్టమేమీ కాదు. మడ్డి కదిలి తేటతో కలవబోతున్న క్షణంలో ఆపేయాలి. అడుగున మిగిలిన అర లీటరు మీద ఆశ వదులుకోవాలి.

అలా వార్చిన తేటను రెండు మూడు మడతలు వేసిన నేత పంచె గుడ్డలో వడకట్టాలి. నైలాన్ చీర ముక్క, టీ జాలి దీనికి చాలవు. వాటి కన్నాల కంటే నలక సన్నం. నూలు గుడ్డను ముందుగా మంచినీటితో తడిపి వాడితే పోగులు ఉబ్బి సందులు మరింత సన్నబడతాయి. గుడ్డ నిండి ధార ఆగిపోయినప్పుడు చేత్తో గోకి దింపేవారున్నారు. అలా చేస్తే గుడ్డ మీద పేరుకున్న తెట్టు కిందికి జారిపోతుంది. గుడ్డను మార్చుకోవడమే దారి. చివరగా పంపు మూతి దగ్గర ఉండే జాలిని తీసివేయకుండా దాని గుండానే పోయాలి. నీరు త్వరగా దిగదని ఆ జాలిని పీకి పక్కన పడేసిన పంపులు ఈ ప్రాంతంలో కొల్లలు.

సబ్బుతో వచ్చే తంటా

ఇంత చేసినా నాజిల్ మూసుకుపోతోందంటే తప్పు ఆకుది కాదు, నీటిది. మన మెట్ట మండలాలలో బోరు నీరు చాలాచోట్ల కఠినజలం. అందులోని సున్నపు లవణాలు సబ్బుతో కలిస్తే నురగ రాదు సరికదా, విరిగిన పాల వలె తెల్లటి పలుకులు తేలుతాయి. బట్టలుతికే బండ మీద, స్నానాల గదిలో బకెట్టు అంచున జిడ్డుగా పట్టే తెట్టు ఇదే. కషాయం ఎంత తేటగా వడకట్టినా, పంపులో కఠినజలం పోసి సబ్బు కలిపితే ఈ పలుకులు నాజిల్‌కు అడ్డుపడతాయి. నాజిల్ రంధ్రం సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పే ఉంటుందన్న సంగతి మరువరాదు.

దీనికి రెండు మార్గాలున్నాయి. చెరువు నీరు, పట్టి ఉంచిన వాన నీరు దొరికితే వాటినే వాడటం ఒకటి. సబ్బుకు మారుగా కుంకుడు రసం వాడటం రెండవది. కుంకుడులోని నురగ పదార్థం కఠినజలంలోనూ విరగదు. ద్రావణం ఆకు మీద బిందువులుగా జారిపోకుండా పరుచుకునేందుకు కావలసిన గుణం దానిలోనూ ఉంది. కుంకుడు పులుసును కూడా గుడ్డలో వడకట్టవలసిందే. లేకపోతే ఒక మడ్డిని వదిలించుకొని మరొకదానిని తెచ్చుకున్నట్లవుతుంది.

సబ్బుకు మాత్రం కుంకుడుకు లేని ఒక గుణం ఉన్నది. సబ్బు క్షారగుణం కలది. అది ఆమ్లాలతో ముడిపడి ఉన్న నికోటిన్‌ను విడిపిస్తుంది. విడిపడిన నికోటిన్ పురుగు చర్మంలోకి చొరబడే వేగం ఎక్కువ. ఖైనీ నమిలేవారు అరచేతిలో సున్నం వేసి నలిపేది ఈ రహస్యం కోసమే, వారికి కారణం తెలియకపోయినా. అయితే పురుగు చర్మంలోకి వేగంగా చొరబడేది మనిషి చర్మంలోకీ అంతే వేగంగా చొరబడుతుంది. కనుక సబ్బును ముందుగానే కలిపి ఉంచకూడదు. పొలం గట్టున, పిచికారీకి ముందు మాత్రమే కలపాలి. ఆ క్షణం నుంచి చేతులకు తొడుగులు ఉండి తీరాలి.

నోటితో ఊదితే?

లెక్క చూస్తే ప్రమాదం ఎంతటిదో అర్థమవుతుంది. ఆకులో 2 శాతం నికోటిన్ ఉందనుకుంటే అర కిలోలో 10 గ్రాములు, అంటే 10 వేల మిల్లీగ్రాములు. ఒక సిగరెట్టు కాల్చినవారి ఒంటికి చేరేది సుమారు ఒక మిల్లీగ్రాము. ఆకులోని నికోటిన్ మొత్తం దిగితే నాలుగున్నర లీటర్ల అసలు కషాయంలో ఒక్కో గ్లాసుకు 400 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. మనిషి ప్రాణం తీసే మోతాదు 60 మిల్లీగ్రాములని పాత పుస్తకాలు రాశాయి. 2014లో ఆ అంచనాను పునఃపరిశీలించి, 500 మిల్లీగ్రాములకు పైనే ఉండవచ్చని ఒక పరిశోధకుడు లెక్కగట్టారు. ఏ లెక్క సరైనదైనా, ఒకటి రెండు గ్లాసుల కషాయం ఒక నిండు ప్రాణానికి చాలునన్నమాట. నీళ్లు కలిపి పలుచన చేసిన తరువాత కూడా ఒక్క పుక్కిలిలో పది సిగరెట్ల నికోటిన్ ఉంటుంది. నాటు, లంక రకాల ఘాటు వర్జీనియాకు మించినది కనుక వాటితో కాచిన కషాయంలో ఇంకా ఎక్కువే ఉంటుంది.

నాజిల్‌ను ఊదినప్పుడు పెదవులకు అంటేవి కొన్ని చుక్కలే కావచ్చు. కాని నోటి లోపలి పొర నికోటిన్‌ను చాలా వేగంగా పీల్చుకుంటుంది. అదే రోజున వీపు మీద పంపు కారి చొక్కా తడవడం, చేతులు తడవడం తోడైతే అన్నీ కలిసి మోతాదు పెరుగుతుంది. మంచుకు తడిసిన ఆకును రెలిపే కూలీలకు కడుపులో తిప్పడం, వాంతులు, తలనొప్పి రావడం మన ప్రాంతంలో అందరికీ అనుభవమే. వైద్యులు దీనిని ‘పచ్చి పొగాకు జబ్బు’ అంటారు. ఆకు మీది తడి చర్మం గుండా నికోటిన్‌ను ఒంటిలోకి చేర్చడమే దానికి కారణం. కషాయం చేసేదీ అదే పని, ఇంకా ఎక్కువ గాఢతతో. చుట్ట, బీడీ అలవాటున్నవారికి తొలి లక్షణాలు కొంత ఆలస్యంగా తెలుస్తాయి. అది రక్షణ కాదు, తెలియక పని కొనసాగించేలా చేసే మోసం.

నాజిల్ మూసుకుంటే పంపులోని ఒత్తిడి వదిలేసి, నాజిల్ విప్పి, మంచినీటి డబ్బాలో ముంచి పాత పళ్ల బ్రష్షుతో రుద్దాలి. రెండో నాజిల్ జేబులో ఉంచుకుంటే ఇంకా మేలు. పిన్నీసు, ఇనుప తీగ గుచ్చితే ఇత్తడి రంధ్రం సాగి తుంపరకు బదులు ధార పడుతుంది. పని ముగిశాక రెండు సార్లు మంచినీరు పోసి కొట్టి పంపును కడగాలి. ఎండిన జిగురును మరునాడు వదిలించడం ఎవరి తరమూ కాదు.

చొంగ, వికారం, చెమటలు, తల తిరగడం కనిపిస్తే పని వెంటనే ఆపించాలి. తడిసిన బట్టలు విప్పించి ఒంటిని సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. 108కు ఫోన్ చేసి, ఒంటికి తగిలినది పొగాకు రసమని వైద్యునికి తప్పక చెప్పాలి. పురుగుమందు తాగారేమోనన్న అనుమానంతో చికిత్స దారి తప్పకుండా ఉంటుంది.

కషాయాన్ని నీళ్ల సీసాలలో, కూల్‌డ్రింక్ సీసాలలో పోసి ఇంట్లో పెట్టడం అన్నింటికన్నా పెద్ద తప్పు. తేటగా వడకట్టిన కషాయం చూడటానికి అచ్చం టీ డికాక్షన్ లాగానే ఉంటుంది. తేట చేయమని చెబుతున్నప్పుడే ఈ సంగతీ చెప్పవలసి ఉంది. ఎంత కావాలో అంతే కాచి, పిచికారీ రోజే వాడేయడం ఉత్తమం.

ఏ పంటకు కొట్టరాదు?

టమాట, వంగ, మిరప రైతులు ఈ కషాయానికి దూరంగా ఉండటం మంచిది. అవి పొగాకు కుటుంబానికి చెందిన మొక్కలే. పొగాకుకు సోకే మొజాయిక్ వైరస్ వాటికీ సోకుతుంది. ఎండిన ఆకులో ఏళ్ల తరబడి చావకుండా ఉండగల మొండి వైరస్ అది. చన్నీటిలో నానబెట్టిన కషాయంలో అది సజీవంగా ఉండి, మొక్కల మీది చిన్న గాయాల గుండా లోపలికి చేరుతుంది. అరగంట పూర్తిగా మరిగిస్తే నశిస్తుంది. నానబెట్టడం కన్నా మరిగించడమే మేలనడానికి ఇది ఒక బలమైన కారణం. కాని ఆకు దులిపిన చేతులతోనే నారుమడిలోకి దిగితే మరిగించిన ఫలితం ఉండదు.

ఆకుకూరల మీద కొట్టకూడదు. చిక్కుడు, బెండ వంటివి కోతకు వచ్చి ఉంటే ముందుగా కోసుకొని తరువాత పిచికారీ చేసి, కనీసం నాలుగైదు రోజులు ఆగి మళ్లీ కోయాలి. పూత మీద ఉన్న పంటకు పగటిపూట కొడితే తేనెటీగలు చస్తాయి. సాయంత్రం పూట కొట్టాలి. పేనుబంకను తినే అక్షింతల పురుగు కూడా ఈ కషాయానికి చస్తుంది కనుక, పందిరిలో అవి ఎక్కువగా కనిపిస్తే రెండు రోజులు ఓపిక పట్టి చూడటమే లాభం.

ఆకుమందు కదా, సేంద్రియమే కదా అన్న ధీమా పనికిరాదు. నికోటిన్ సల్ఫేట్ అనే తయారీ మందు వాడకాన్ని 1992లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఎగుమతి కోసం తయారుచేసుకునే వెసులుబాటు మాత్రం ఇచ్చింది. అమెరికా సేంద్రియ ప్రమాణాలలో పొగాకు పొడి నిషిద్ధ సహజ పదార్థాల జాబితాలో ఉంది. కనుక ఎగుమతికి సేంద్రియ పంట పండించేవారు కషాయం కాచే ముందే తమ ధ్రువీకరణ సంస్థను అడగాలి.

2025లో నల్ల బర్లీ ధర పడిపోయి, రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోళ్లు జరపవలసి వచ్చింది. అటువంటి ఏడాదిలో అమ్ముడుపోని ఆకు ఇళ్లలో మిగిలితే దానిని కషాయానికి వాడుకోవాలన్న ఆలోచన సహజం. అయితే రకాన్ని బట్టి, ఆకు ఉన్న స్థానాన్ని బట్టి ఘాటు మారుతుంది. ఈనెలలో, కాడలలో తక్కువ, ఆకు రెక్కలో ఎక్కువ. తుక్కుకు చెప్పిన కొలతను నిండు ఆకుకు వాడితే మొక్కలు మాడవచ్చు. నాలుగు మొక్కల మీద కొట్టి ఒక రోజు చూసి, తరువాతే చేనంతటికీ వెళ్లాలి.

మిగిలిన పిప్పిని పశువుల ముందు వేయరాదు, చెరువులో పడేయరాదు. చేపలకు నికోటిన్ విషం. మిరప, టమాట నారుమడులకు దూరంగా గుంట తీసి పూడ్చితే మట్టిలోని సూక్ష్మజీవులు దానిని క్రమంగా విరగ్గొడతాయి.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ చిక్కుడు రైతు కషాయం మానలేదు. మరుసటి ఏడాది పందిరి కింద కనిపించినప్పుడు కాచిన పాత్ర రాత్రి నుంచి మూతతో గట్టు మీదనే ఉంది. పంచె గుడ్డ మూడు మడతలు వేసి బకెట్టుకు కట్టారు. పంపు పట్టీకి పాత పళ్ల బ్రష్షు ఒకటి దారంతో వేలాడుతోంది. తొడుగులు మాత్రం ఇంకా వేసుకోలేదు. చేతులు జారుతున్నాయట.